ఇంట్లో బాగా నడిచే కుక్కపిల్ల షో రింగులో ఎందుకు తడబడుతుంది?

విజయనగరం, శ్రీకాకుళం వైపు జాతికుక్క పిల్లను కొని ప్రదర్శనకు తయారు చేస్తున్నవారు రింగులో, అంటే జడ్జి ముందు కుక్కను నడిపించే బరిలో, ఎదురైన ఇబ్బంది గురించి నాకు ఫోను చేసి చెప్పే మాట దాదాపు ఒక్కటే. "తల్లీ తండ్రీ ఛాంపియన్లండీ, ఇంట్లో చక్కగా నడుస్తుంది, రింగులోకి వెళ్లేసరికి కాళ్లు అడ్డదిడ్డంగా వేసింది." నేను ముందు అడిగేదీ ఒక్కటే. గోళ్లు ఎప్పుడు కత్తిరించారు? పదిమందిలో ఎనిమిది మంది అక్కడే ఆగిపోతారు. ఖరీదైన మేత, షాంపూ, మెరిసే షో తాడు అన్నీ కొని ఉంటారు. గోళ్లు మాత్రం పిల్ల వచ్చిన రోజు ఎలా ఉన్నాయో అలాగే పెరిగి ఉంటాయి.

టీకాలు, నట్టల మందు, మెడపట్టీ అలవాటు, పిలిస్తే రావడం వంటివి మీకు తెలిసినవే అనుకుని రాస్తున్నాను.

ముందు గోళ్లు చూడండి

పిల్ల గచ్చు మీద నడుస్తుంటే టిక్కుటిక్కుమని చప్పుడు వస్తోందా? వస్తే గోళ్లు పెరిగినట్టే. దాన్ని నిటారుగా నిలబెట్టి, గోరుకూ నేలకూ మధ్య ఒక కాగితం దూర్చండి. ఏమీ తగలకుండా దూరిపోతే సరే. గోరు నేలను తాకుతూ ఉంటే ప్రతి అడుగులోనూ నేల ఆ గోరును వెనక్కి నెడుతుంది. ఆ నొక్కుడు తప్పించుకోవడానికి పిల్ల వేళ్లు పైకెత్తి, బరువంతా మణికట్టు మీదకు తోస్తుంది. ప్రదర్శనల వాళ్లు పాస్టర్న్ అనేది ఆ మణికట్టు కిందిభాగాన్నే. అది కుంగిన పిల్ల ఎంత మంచి వంశానిదైనా ముందునుంచి చూస్తే నీరసంగా కనిపిస్తుంది.

నెలకోసారి ఎక్కువగా కత్తిరించవద్దు, రక్తం వస్తుంది, ఆ తర్వాత పిల్ల పాదం ఇవ్వదు. వారానికోసారి, ఒక్కో గోరుకు కొసన ఒక మిల్లీమీటరు చాలు. అలా కొంచెం కొంచెంగా తీస్తుంటే లోపలి రక్తనాళం కూడా వెనక్కి జరుగుతూ పోతుంది. నల్ల గోరైతే కోసిన చోట మధ్యలో చిన్న చుక్క కనబడేవరకే, ఆ పైన ముట్టవద్దు. పొరపాటున రక్తం వస్తే మొక్కజొన్న పిండి చిటికెడు అద్ది, నిమిషం నొక్కి పట్టుకోండి. లోపలి వైపు నేలకు తగలకుండా ఉండే ఐదో గోరును చాలామంది మరిచిపోతారు. అది అరగదు కాబట్టి వంకర తిరిగి చర్మంలోకి దిగుతుంది.

గోళ్లు సరిగ్గానే ఉన్నాయి, అయినా వేళ్లు విచ్చుకుంటున్నాయి, వెనక మడమలు దగ్గరకొస్తున్నాయి

నేను దెబ్బతిన్నది ఇక్కడే.

కొన్నేళ్ల కిందట లాబ్రడార్ పిల్లను తెచ్చాను. ఎనిమిది వారాలప్పుడు దాని పాదాలు గుండ్రంగా, వేళ్లు వంపు తిరిగి, పిడికిలి బిగించినట్టు ఉండేవి. లాబ్రడార్ ఎలా ఉండాలో చెప్పే జాతి ప్రమాణంలో ఉన్నది కూడా అదే, గుండ్రటి బిగువైన పాదం, బాగా వంగిన వేళ్లు. ఐదో నెల వచ్చేసరికి ఆ పాదాలు చదునుగా పరుచుకున్నాయి. వెనకనుంచి చూస్తే మడమలు ఒకదానికొకటి రాసుకునేంత దగ్గరగా, పాదాలు బయటికి తిరిగి కనబడేవి. నేనూ అందరిలాగే కాల్షియం తక్కువైందనుకున్నాను. మందుల దుకాణంలో ఇచ్చిన సిరప్ మూడు నెలలు పోశాను. పాదాలు బాగుపడలేదు సరికదా, ఒకరోజు ముందుకాలు ఎత్తి పట్టుకుని కుంటడం మొదలుపెట్టింది. ఎక్స్‌రే చూసిన పశువైద్యుడు ముందు ఆ సిరప్ ఆపమన్నారు.

అసలు సంగతి గజపతినగరం దగ్గర ఒక మామిడితోటలో తెలిసింది. మా పిల్ల తోబుట్టువు అక్కడ పెరుగుతోంది. అదే తల్లి, అదే తండ్రి, అదే కాన్పు. దాని పాదం పట్టుకుని చూస్తే వేళ్ల మధ్య నా గోరు కూడా దూరలేదు. దానికి సిరప్ లేదు, ప్రత్యేకమైన మేతా లేదు. ఉన్నదల్లా తోటలో ఎర్రమట్టి నేల. మా ఇంట్లో, పిల్ల వచ్చిన నెలలోనే హాలు, వంటగది, వరండా అంతా నున్నటి విట్రిఫైడ్ టైల్స్ వేయించాం.

నున్నటి నేల మీద పిల్ల నడిచేటప్పుడు ఒకసారి నేలకు దగ్గరగా కూర్చుని దాని పాదాలనే చూడండి. అడుగు వేయగానే పాదం పక్కకు జారబోతుంది. జారకుండా ఉండేందుకు వేళ్లను విసనకర్రలా విప్పుతుంది. వెనక కాళ్లు దూరంగా జరిగిపోతుంటే వాటిని లోపలికి లాక్కోవడానికి మడమలు దగ్గరకు తెస్తుంది. పిల్ల రోజంతా ఇలాగే లేస్తుంది, తిరుగుతుంది, గంట మోగితే వాకిలికి పరుగెత్తుతుంది. కీళ్లను పట్టి ఉంచే స్నాయువులూ కండరాలూ ఇంకా మెత్తగా ఉండే నాలుగైదు నెలల వయసులో రోజూ ఇదే జరిగితే ఆ నిలువే దాని నిలువు అయిపోతుంది. మొక్కకు కట్టు కట్టి వంచితే ఎలా వంగుతుందో అంతే.

ఈ కారణాన్ని పట్టుకోవడం ఎందుకు కష్టమంటే, టైల్స్ మీద జారడం మనకు ముద్దుగా కనిపిస్తుంది. పిల్ల మూల తిరగబోయి జారి గోడకు తగిలితే ఇంట్లో అందరం నవ్వుతాం, ఫోనులో వీడియో తీస్తాం. అది రోగ లక్షణంలా ఎవరికీ అనిపించదు.

తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. ఒక పళ్లెంలో నీళ్లు పోసి, పిల్ల ముందు పాదాలు తడిపి, పొడి సిమెంటు గచ్చు మీద నాలుగడుగులు నడిపించండి. నాలుగు వేళ్ల గుర్తులూ వెనక, అరికాలి కింద ఉండే పెద్ద మెత్తకు దగ్గరగా, గుత్తిలా పడితే పాదం బిగువుగా ఉన్నట్టే. వేళ్ల మధ్య మీ చూపుడు వేలు పెట్టేంత ఖాళీ ఉంటే పాదం విచ్చుకుంది. ఆ గుర్తుల ఫోటో తీసి తేదీ రాసుకోండి. రెండు వారాలకోసారి మళ్లీ తీయండి. కంటితో రోజూ చూసేవాళ్లకు తెలియని మార్పు ఫోటోలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

తల్లి పాదాలు కూడా చూసి రండి. తల్లికే పాదాలు చదునుగా ఉంటే, అది మట్టి నేల మీదే పెరిగి ఉంటే, మీ పిల్లకు వంశంలోనే వచ్చిందని అర్థం. అప్పుడు నేల మార్చడం వల్ల కొంత మేలే తప్ప పూర్తిగా సరికాదు.

సరిచేయడానికి ఇల్లు తవ్వాల్సిన పనిలేదు. పిల్ల ఎక్కువగా తిరిగే దారి ఏదో గమనించండి. నిద్రపోయే చోటునుంచి నీళ్ల గిన్నెకు, అక్కడినుంచి వాకిలికి. ఆ దారి పొడుగునా గోనె పట్టాలు గానీ కొబ్బరిపీచు చాపలు గానీ పరచండి. పట్టా కింద జారకుండా రబ్బరు వల వేయాలి, లేకపోతే పట్టాయే జారి ఇంకా ప్రమాదం. అన్నం గిన్నె గరుకు నేల మీదే పెట్టండి. తినేటప్పుడు పిల్ల కదలకుండా నిలబడి బరువంతా ముందుకాళ్ల మీద మోపుతుంది కాబట్టి అది చాలా ముఖ్యం. మెత్తల మధ్య వెంట్రుకలు పెరిగే జాతులకు వాటిని మెత్తకు సమంగా కత్తిరించండి, లేకపోతే పాదానికి మేజోడు తొడిగినట్టే.

ఇక రోజుకు రెండుసార్లు గట్టి మట్టి మీద, పచ్చిక మీద నడక. పెరట్లో ఆరడుగుల చోటున్నా పదును లేని చిన్న గులకరాళ్లు పరిచి దాని మీద తిరగనివ్వండి. ఆ రాళ్ల మీద నిలదొక్కుకోవడానికి వేళ్లు వాటంతట అవే ముడుచుకుంటాయి. విజయనగరంలో ఉన్నవారు పొద్దున్నే అయోధ్యా మైదానానికి తీసుకెళ్లవచ్చు. శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డున తడిసి గట్టిపడిన ఇసుక బాగుంటుంది. కాలు మునిగే పొడి ఇసుకలో ఎక్కువసేపు వద్దు, పిల్ల కీళ్లకు శ్రమ. అయితే పిల్ల టీకాలు పూర్తయ్యేవరకు, అంటే సుమారు పదహారు వారాలు నిండేవరకు ఊరి కుక్కలు తిరిగే చోటికి దించవద్దు. పార్వో మట్టిలో నెలల తరబడి బతికే వైరస్. అంతవరకు మీ పెరడే మైదానం.

నా అనుభవంలో ఎనిమిది, తొమ్మిది నెలల లోపు మొదలుపెడితే ఆరు నుంచి పది వారాల్లో తేడా కనిపిస్తుంది. ఏడాది దాటాక కొంతే వస్తుంది. మా పిల్లకు ఎనిమిదో నెలలో మొదలుపెట్టాను. ముందు పాదాలు బాగా ముడుచుకున్నాయి, వెనక మడమలు పూర్తిగా విడిపోలేదు.

కాల్షియం సంగతి

దీన్ని వేరేగా చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల నేను చూసిన నష్టం తక్కువ కాదు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్ వంటి పెద్ద జాతుల పిల్లలు ఆరు నెలల లోపు పేగుల్లోకి వచ్చిన కాల్షియాన్ని కావలసినంత తీసుకుని మిగతాది వదిలేయలేవు. ఎక్కువ పోస్తే ఎక్కువ లోపలికి వెళ్తుంది, ఎముక, మృదులాస్థి ఎదుగుదల దెబ్బతింటుంది. మంచి కంపెనీ పప్పీ మేత పెడుతున్నవారు పైన కాల్షియం కలపవద్దు, అందులో కావలసినంత ఉంటుంది. పెరుగన్నం, ఎముకలు తీసిన ఉడికించిన కోడిమాంసం మాత్రమే పెట్టేవారి పిల్లకు నిజంగానే కాల్షియం తక్కువ కావచ్చు. అప్పుడు కూడా దుకాణంలో అడిగి సిరప్ కొనవద్దు. పశువైద్యుణ్ణి కలిసి మేతను సరిచేయండి. ఇంకో మాట, పిల్లను బొద్దుగా పెంచవద్దు. పక్కటెముకలు చేతికి సులువుగా తగలాలి.

పచ్చిక మీద అడుగుపెట్టగానే పిల్ల బిగుసుకుపోతుంది

దీనికీ చాలాసార్లు ఆ టైల్స్ నేలే కారణం. ప్రదర్శనలు చలికాలంలో ఎక్కువ. ఉదయం పచ్చిక మంచుతో తడిసి ఉంటుంది. ఇంట్లో పొడిగా నున్నగా ఉన్న నేల తప్ప ఏమీ తెలియని పిల్ల ఆ తడికి పాదం పైకెత్తి, తోక కిందికి దించి నిలబడిపోతుంది. చూసేవాళ్లు పిరికిదంటారు. నాకు తెలిసిన ఒక అబ్బాయి బీగిల్ పిల్లను విశాఖలో రింగులోకి తీసుకెళ్తే మొదటి మూడు నిమిషాలూ అది గాల్లో కాలు ఎత్తే నిలబడింది. తెల్లవారుజామున తడి గడ్డి మీద, రంపపు పొట్టు మీద, పాత తివాచీ మీద, మైకు మోతలో నెలరోజులు నడిపించాడు. తర్వాతి ప్రదర్శనలో అదే పిల్ల తోక నిలబెట్టి నడిచింది.

షో రోజు గంట ముందే చేరుకుని పిల్లకు ఆ నేల వాసన చూపించండి. శ్రీకాకుళంనుంచి విశాఖకు వంద కిలోమీటర్లు దాటిన ప్రయాణం, దిగీ దిగగానే రింగులోకి తోస్తే ఏ పిల్లయినా బెదురుతుంది.

మిగతావి

ఒకే పక్క కాళ్లు రెండూ కలిపి వేస్తూ ఒంటెలా ఊగుతూ నడుస్తోందా? మీరు నెమ్మదిగా నడుస్తున్నారు, లేదా తాడు బిగించి లాగుతున్నారు. ఆపి, చిన్న మలుపు తిప్పి, కొంచెం వేగంగా మొదలుపెట్టండి. పిల్ల మీ ఎడమ పక్క, తాడు వదులుగా ఉండాలి.

జడ్జి పళ్లు చూడబోతే తల తిప్పుకుంటుందా? రోజూ అన్నానికి ముందు పెదవి ఎత్తి ముందు పళ్లూ పక్క పళ్లూ చూడండి. ఇంటికొచ్చిన బంధువులతో కూడా చూపించండి. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పాలపళ్లు ఊడే కాలంలో చిగుళ్లు నొప్పిగా ఉంటాయి, అప్పుడు బలవంతం చేస్తే భయం శాశ్వతంగా ఉండిపోతుంది. కొత్త కోరపన్ను పక్కనే పాలకోర ఊడకుండా నిలిచి ఉంటే వైద్యుడికి చూపించండి.

ఎంట్రీ దగ్గరే తిప్పి పంపేశారా? కుక్కను కొన్నవారి పేరుమీద కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా నమోదు పత్రం మారలేదన్నమాట, లేదా గుర్తింపు కోసం కుక్క చర్మం కింద పెట్టే చిప్ నంబరు కలవలేదు. తల్లిదండ్రుల పత్రాల జిరాక్సు కాగితాలు మీ పిల్లకు పత్రం కాదు. పిల్లను ఇంటికి తెచ్చుకునే ముందే పశువైద్యుడి దగ్గర చిప్ స్కాన్ చేయించి, ఆ పదిహేను అంకెలనూ పత్రంతో ఒక్కొక్కటిగా పోల్చండి. చిప్ భుజాల మధ్య దొరకకపోతే మెడ పక్కకూ భుజం కిందికీ స్కానర్ జరిపించండి, అది కొన్నిసార్లు జారుతుంది.

మగపిల్లకు రెండు వృషణాలూ ఆరు నెలలకు కూడా దిగకపోతే ప్రదర్శన ఆలోచన వదిలి వైద్యుణ్ణి కలవండి. పరుగెత్తేటప్పుడు వెనక కాళ్లు రెండూ కలిపి కుందేలులా గెంతుతూ, లేవడానికి ఇబ్బంది పడుతుంటే తుంటి ఎక్స్‌రే తీయించాలి. జ్వరంతో పాటు మణికట్టు వాచితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. ఇవి తప్ప మిగతావన్నీ నేను చూసినంతలో అరుదు. గోళ్లు చూసి, నేల చూసి, ఆ తడిపాదం ఫోటోలు రెండు చేతిలో పెట్టుకుని అప్పుడు నాకు ఫోను చేయండి.