లక్ష కిలోమీటర్లు దాటిన పోలో జీటీ టీఎస్ఐ: కొనాలా, వదిలేయాలా?

ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ మన దేశంలో 2013లో దిగింది. 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, 105 పీఎస్ పవర్, 175 ఎన్ఎం టార్క్, ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్). 2020లో బీఎస్6 కాలుష్య నియమాలు వచ్చేసరికి ఆ ఇంజిన్, ఆ గేర్‌బాక్స్ రెండూ పోయి, 1.0 టీఎస్ఐ ఇంజిన్‌తో ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ వచ్చింది. 2022తో పోలో అమ్మకాలే ఆగిపోయాయి. ఆ నడక రుచి తెలిసినవాళ్లు ఇప్పటికీ పాత 1.2 కోసం వెతుకుతూనే ఉంటారు. దొరికేవాటిలో లక్ష దాటినవి మామూలే.

ముందుగా ఒక మాట. ఈ బండి విషయంలో మీటరు రీడింగ్ చూసి బెదరొద్దు, మురిసిపోనూ వద్దు. హైదరాబాద్-విజయవాడ హైవే మీద 1,20,000 తిరిగిన బండి, కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి రోజూ పాకుతూ 60,000 తిరిగిన బండి పక్కపక్కన ఉంటే, సర్వీసు రికార్డు సరిగ్గా ఉన్న మొదటిదే మేలు. కారణం గేర్‌బాక్స్.

గేర్‌బాక్స్ సంగతి

ఇందులో ఉన్నది డీక్యూ200 రకం డీఎస్‌జీ. లోపల రెండు క్లచ్‌లుంటాయి. ఒకటి 1, 3, 5, 7 గేర్లను, రెండోది 2, 4, 6, రివర్స్‌లను చూసుకుంటుంది. ఇవి ఆయిల్‌లో మునిగి ఉండవు, పొడి క్లచ్‌లు. ట్రాఫిక్‌లో బండి అంగుళం అంగుళం కదిలినప్పుడల్లా మొదటి క్లచ్ సగం పట్టీ సగం వదిలీ జారుతుంది, వేడెక్కుతుంది, అరుగుతుంది. హైవేలో ఏడో గేరులో పోతున్నంతసేపూ అది కదలకుండా పట్టుకుని ఉంటుంది కాబట్టి అరుగుదల దాదాపు ఉండదు. అందుకే ఎన్ని కిలోమీటర్లు అన్నదాని కంటే ఎక్కడి కిలోమీటర్లు అన్నదే ముఖ్యం.

రెండో బలహీనత మెకట్రానిక్. గేర్లు వేసే హైడ్రాలిక్ భాగాలు, వాటిని నడిపే ఎలక్ట్రానిక్ బుర్ర కలిసిన యూనిట్ అది. లోపల ఆయిల్ ప్రెజర్ నిలబడకపోయినా, బోర్డు చెడినా గేర్ సూచిక మినుకుమినుకుమంటుంది, సగం గేర్లు మాయమవుతాయి, ఒక్కోసారి బండి ఉన్నచోటే నిలబడిపోతుంది. మొదట్లో వచ్చిన డీక్యూ200లలో వాడిన సింథటిక్ గేర్ ఆయిల్ వల్ల కరెంటు సరఫరాలో షార్ట్ అయ్యే ప్రమాదం ఉందని తేలింది. 2013 నవంబరులో కంపెనీ ప్రపంచవ్యాప్తంగా దాన్ని మినరల్ ఆయిల్‌కు మార్చే పని మొదలుపెట్టింది. మీరు చూస్తున్నది 2013 బండి అయితే ఆ పని జరిగిందో లేదో రికార్డులో తప్పక చూడండి.

ఖర్చు సంగతికొస్తే, కొత్త మెకట్రానిక్ బిల్లు సులువుగా లక్ష రూపాయలు దాటుతుంది. క్లచ్ సెట్ ఖర్చు కూడా పెద్దదే. కాబట్టి ఈ రెండూ ఎప్పుడు మారాయి అన్నది ముందు అడగాలి. క్లచ్ మారిందని నోటితో చెబితే చాలదు. తేదీ, రీడింగ్, పార్ట్ నంబరు ఉన్న బిల్లు చేతికి రావాలి. ఆ బిల్లు ఉంటే బండి లక్ష కిలోమీటర్లు దాటడం దోషం కాదు, నా దృష్టిలో మంచి లక్షణమే. పెద్ద ఖర్చు పాత ఓనరు జేబులోంచి పోయిందన్నమాట.

బయలుదేరకముందే ఇంట్లో కూర్చుని చూడాల్సినవి

అమ్మేవారిని ఆర్సీ ఫొటో, ఇన్సూరెన్స్ కాపీ, సర్వీసు చరిత్ర పంపమనండి. కంపెనీ సర్వీసు సెంటర్‌లో జరిగిన ప్రతి పనికీ తేదీ, రీడింగ్ నమోదై ఉంటాయి. వాటిని వరసగా పేర్చి చూడండి. ఏడాదికి 15,000 చొప్పున పెరుగుతూ వచ్చిన రీడింగ్ చివరి రెండేళ్లలో 3,000 మాత్రమే పెరిగితే, బండి మూలన పడి ఉండాలి, లేదా మీటరు వెనక్కి తిరిగి ఉండాలి.

పాలసీలో నో క్లెయిమ్ బోనస్ చూడండి. క్లెయిమ్ లేని ఏడాదికేడాది అది 20 శాతం నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది. ఒకే ఓనరు దగ్గర ఎనిమిదేళ్లున్న బండికి బోనస్ సున్నా అని ఉంటే, కిందటేడాది ఏం క్లెయిమ్ చేశారో, ఆ బిల్లు ఎక్కడుందో అడగండి.

రవాణా శాఖ యాప్ ఎంపరివాహన్‌లో నంబరు కొడితే ఆర్సీ గడువు, ఇన్సూరెన్స్ తెలుస్తాయి. లోన్ మిగిలి ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఆర్సీలోంచి లోన్ తీయించే ఫారం 35 లేకుండా డబ్బు కదపొద్దు. బెంగళూరు, ముంబై బండి చవగ్గా కనిపిస్తే ఆ చవకలోంచి ఇక్కడ మళ్లీ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ తీసేసి లెక్కేయండి. పాత రాష్ట్రం నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ కూడా కావాలి.

చల్లారిన ఇంజిన్ దగ్గరకే వెళ్లండి

పొద్దున్నే వెళ్లండి. “నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు” అని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పి తిరిగి రావడమే మంచిది. ఈ ఇంజిన్ చెప్పాల్సినదంతా చల్లగా ఉన్నప్పటి మొదటి పది సెకన్లలోనే చెబుతుంది.

ఇగ్నిషన్ ఆన్ చేసి స్టార్ట్ చేయకుండా ఆగండి. ఇంజిన్ లైటు, ఈపీసీ (ఎలక్ట్రానిక్ పవర్ కంట్రోల్) లైటు, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలగాలి. అసలు వెలగనే లేదంటే ఎవరో దాన్ని చంపారని అర్థం. ఇప్పుడు స్టార్ట్ చేసి చెవి ఇటు పెట్టండి.

1.2 టీఎస్ఐలో రెండు తరాలున్నాయి. ఇంజిన్ కోడ్ సీబీజెడ్‌తో మొదలైతే లోపల టైమింగ్ చైన్ (వాల్వులను పిస్టన్లతో లయ కలిపి నడిపేది), సీజేజెడ్‌తో మొదలైతే బెల్ట్. చైన్ రకంలో స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు ఇనప గొలుసు డబ్బాలో వేసి ఊపినట్టు గలగలమంటే చైన్ సాగింది, లేదా దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ పట్టు తప్పింది. అది పళ్లు దాటితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజిన్ మొత్తం విప్పాల్సి వస్తుంది. ఆ చప్పుడు విన్నాక బేరానికి కూర్చోవద్దు. బెల్ట్ రకంలో చప్పుడు ఉండదు కాబట్టి వయసు చూడాలి. పదేళ్ల బండిలో బెల్ట్ మార్చిన దాఖలా లేకపోతే అది మీ ఖర్చుల జాబితాలో మొదటిది.

ఇది డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్. పెట్రోల్ నేరుగా సిలిండర్‌లో పడుతుంది కాబట్టి గాలి లోపలికి వదిలే ఇన్‌టేక్ వాల్వుల వెనక భాగాన్ని కడిగేది ఏదీ లేదు. లక్ష దాటేసరికి అక్కడ నల్లటి మసి గట్టిపడుతుంది. చల్లటి ఇంజిన్ ఐడిలింగ్‌లో ఊగుతూ, వేడెక్కాక సర్దుకుంటే ఈ మసినీ అనుమానించాలి, ఇగ్నిషన్ కాయిల్‌నీ అనుమానించాలి. కాయిల్ చిన్న ఖర్చు. మసి తీయాలంటే ఇంజిన్‌కు గాలి తెచ్చే మానిఫోల్డ్ విప్పాలి, కానీ భయపడాల్సిన పని కాదు.

ఎవరినైనా వెనక నిలబెట్టి పొగ చూడమనండి. నీలం పొగ వస్తే ఆయిల్ మండుతోంది. టర్బోనా, పిస్టన్ రింగులా అన్నది విప్పితే గానీ తేలదు కాబట్టి వదిలేయడమే. కూలంట్ డబ్బా మూత చల్లగా ఉన్నప్పుడే తీసి చూడండి. లోపల గులాబీ రంగు ద్రవం ఉండాలి. మామూలు నీళ్లో, తుప్పు రంగో కనిపిస్తే ఎక్కడో కారుతోంది, ఎవరో పోస్తూ వచ్చారు. వాటర్ పంపు, థర్మోస్టాట్ హౌసింగ్ చుట్టూ ఎండిన గులాబీ చారల కోసం టార్చి వేసి వెతకండి.

గంటసేపు నడపాలి, అదీ ట్రాఫిక్‌లో

కాలనీలో రెండు రౌండ్లు కొడితే డీక్యూ200 అసలు రంగు బయటపడదు. క్లచ్ వేడెక్కాలి. కనీసం అరగంట రద్దీ రోడ్డులో నడిపి, ఆ తర్వాత కింది పరీక్షలు వరసగా చేయండి.

1. సమతల రోడ్డు మీద డీలో పెట్టి బ్రేకు వదలండి, యాక్సిలరేటర్ తాకొద్దు. బండి మెత్తగా జరగాలి. ఎడ్లబండిలా కుదుపుతూ కదిలితే క్లచ్ అరిగింది.
2. నెమ్మదిగా 20 దాకా వెళ్లి మళ్లీ దాదాపు ఆగేదాకా రండి. ఒకటి నుంచి రెండుకు, రెండు నుంచి ఒకటికి మారేటప్పుడు సీటులోకి వణుకు వస్తుందేమో గమనించండి. ఇలా పదిసార్లు చేయండి.
3. అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ మీద రివర్స్‌లో ఎక్కించండి. రివర్స్ ఉన్నది రెండో క్లచ్ మీద కాబట్టి దాని ఆరోగ్యం ఇక్కడ తెలుస్తుంది.
4. ఖాళీ రోడ్డు దొరికాక మాన్యువల్ మోడ్‌లో ఒకటి నుంచి ఏడు దాకా ఒక్కో గేరు మీరే వేయండి. సరి గేర్లే, లేదా బేసి గేర్లే తడబడితే ఏ క్లచ్‌దో ఇట్టే తెలుస్తుంది.
5. ఆగి ఇంజిన్ ఆపేటప్పుడు కింద నుంచి దడదడమని చప్పుడొస్తే ఇంజిన్ కుదుపులను అణచే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ అరిగినట్టు.

వణుకు కొంచెమే ఉంటే “డీఎస్‌జీ అంటే ఇంతే సార్” అని అమ్మేవారు అంటారు. ఆ మాట నమ్మొద్దు. బాగున్న డీక్యూ200 వెన్నలా మారుతుంది.

ఆ దారిలోనే స్పీడ్ బ్రేకర్లు, గుంతలు ఎక్కించండి. ముందు నుంచి టక్ టక్ మంటే పోయినవి సస్పెన్షన్ భాగాలు: లింక్ రాడ్లో, లోయర్ ఆర్మ్ బుష్‌లో, స్ట్రట్ మౌంట్లో. మన రోడ్ల మీద లక్ష తిరిగాక ఇవి పోవడం సహజం. వీటిని బేరానికి వాడుకోండి, బండి వదిలేయడానికి కాదు.

స్కానర్ పెట్టకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు

ఫోక్స్‌వ్యాగన్ పని తెలిసిన గ్యారేజీకి తీసుకెళ్లి వీసీడీఎస్ లాంటి స్కానర్‌తో బండిలోని అన్ని మాడ్యూళ్లూ (ఎలక్ట్రానిక్ బుర్రలు) చదివించండి. చవక రకం బ్లూటూత్ ముక్క ఇంజిన్ కోడ్లు మాత్రమే చూపిస్తుంది, గేర్‌బాక్స్ లోపలికి పోదు. అడగాల్సినవి మూడు. ఒకటి, క్లచ్ అడాప్టేషన్ విలువలు (అరుగుదలకు తగ్గట్టు గేర్‌బాక్స్ సర్దుకున్న లెక్కలు), ఎక్కువ వేడెక్కిన రికార్డు. రెండు, ప్రతి ఫాల్ట్ కోడ్ పక్కన అది ఎన్ని కిలోమీటర్ల దగ్గర నమోదైందో ఆ అంకె. మీటరులో 80,000 ఉండి, ఏదో మాడ్యూల్‌లో 1,34,000 దగ్గర ఫాల్ట్ కనిపిస్తే అసలు విషయం దొరికినట్టే. మూడు, రెడీనెస్ మానిటర్లు, అంటే పొగ నియంత్రణ భాగాల మీద బండి తనంతట చేసుకునే పరీక్షలు. అవి పూర్తి కాలేదంటే మీరు వచ్చే ముందే ఎవరో కోడ్లు తుడిచేసి ఉండొచ్చు.

రీమ్యాప్ (ఇంజిన్ ప్రోగ్రామ్ మార్చి పవర్ పెంచడం) సంగతి కూడా ఇక్కడే తేల్చుకోండి. డీక్యూ200 తట్టుకోగలిగే హద్దు 250 ఎన్ఎం. ఇంజిన్ ఇచ్చేది 175 మాత్రమే, అందుకే ట్యూనింగ్‌కు చోటుందని చాలామంది చేయిస్తారు. అమ్మే ముందు పాత ఫైలు మళ్లీ ఎక్కించేస్తే స్కానర్‌కు కూడా దొరకకపోవచ్చు. కాబట్టి ఎయిర్ ఫిల్టర్ డబ్బా మారిందా, క్యాటలిటిక్ కన్వర్టర్ ఉందా, సైలెన్సర్ దగ్గర కొత్త వెల్డింగ్ ఉందా చూడండి. ట్యూన్ చేసి లక్ష తిప్పిన డీక్యూ200 కొనమని ఎవరికీ చెప్పలేం.

నీళ్లు, యాక్సిడెంట్

2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగినప్పుడు నీళ్లు తాగిన బండ్లు ఎన్నో. డ్రైవర్ సీటు బెల్టును చివరిదాకా లాగండి. ఎప్పుడూ బయటికి రాని ఆఖరి జానెడు ముక్క మీద బురద గీత ఉంటే ఇంకేమీ చూడక్కర్లేదు. సీటు పట్టాల తుప్పు, కార్పెట్ కింద కనెక్టర్ల పచ్చదనం కూడా అదే కథ చెబుతాయి.

యాక్సిడెంట్‌కు బానెట్ కీళ్లు, ఫెండర్ల బోల్టుల మీద స్పానర్ గుర్తులు చూడండి. పెయింట్ మందం కొలిచే గేజ్ ఉంటే కంపెనీ పెయింట్ సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు చూపిస్తుంది. 300 దాటితే కింద పుట్టీ ఉంది. డోరుకు గీత పడి పెయింట్ వేయించడం తప్పేమీ కాదు. బానెట్ కింద సస్పెన్షన్ బిగించే స్ట్రట్ టవర్ దగ్గర, స్పేర్ వీల్ కింద నేల మీద వెల్డింగ్ కనిపిస్తే మాత్రం వద్దు.

ఎంతకు కొనాలి

ఉదాహరణకు 4.5 లక్షలు అడుగుతున్నారనుకోండి. టైర్ల మీద నాలుగంకెల తేదీ చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం, అంటే మార్చాల్సిందే. నాలుగు టైర్లు, సస్పెన్షన్ బుష్‌లు, ముందు బ్రేక్ ప్యాడ్లు, ప్లగ్గులు, ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్, కావాల్సి వస్తే బెల్ట్. వీటికి గ్యారేజీలో రాతపూర్వకంగా ఎస్టిమేట్ తీసుకుని అంత మొత్తం ధరలోంచి తగ్గించమనండి. క్లచ్, మెకట్రానిక్ బిల్లులు లేకపోతే ఇంకో లక్షన్నర మీ దగ్గర విడిగా ఉంచుకోండి. ఆ లక్షన్నర లేకుండా, ఉన్నదంతా ధరలోనే పోసి కొనేట్టయితే ఈ బండి జోలికి పోవద్దు. అదే డబ్బుకు కాస్త వెతికితే 1.0 టీఎస్ఐ మాన్యువల్ దొరకొచ్చు. ఉత్సాహం కొంచెం తగ్గినా నిద్ర బాగా పడుతుంది.

అన్నీ కుదిరాక ఓనరు పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు, బకాయి చలాన్ల చెల్లింపు, రెండు తాళాలు. రెండో తాళం లేకపోతే కొత్తది చేయించే ఖర్చూ బేరంలో చేర్చండి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరుకు మారాలి. గేర్‌బాక్స్ ఆయిల్ మాత్రం బండి ఇంటికి తెచ్చిన వారంలోనే మార్పించండి, పాత ఓనరు మార్చానని చెప్పినా సరే.