జరానికి తిప్పతీగ కషాయం: ఎట్ల తాగాలె, ఎవరు తాగొద్దు

మా సిరొంచ (మహారాష్ట్రల గడ్చిరోలి జిల్లా) దిక్కు తిప్పతీగ కోసం ఎక్కువ వెతుక్కునే పని లేదు, కంచెల మీద, వేపచెట్ల మీద అల్లుకుని ఉంటది, మరాఠీ వాళ్ళు గుళవేల్ అంటరు, కరోనా నుంచి అయితే ఇమ్యూనిటీ అనుకుంట రోజూ పొద్దున తాగేటోళ్ళు ఎక్కువైన్రు. నాకు భయమంతా ఈ రోజూ తాగుడు తోనే.

గడ్చిరోలిల జరం వస్తే ముందుగాల మలేరియా టెస్ట్ చేయించండి. ఆశా కార్యకర్త దగ్గర కిట్ ఉంటది, వేలి నుంచి ఒక్క చుక్క రక్తం తీస్తే పావుగంట, అరగంటల తెలిసిపోతది. ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం మలేరియా పెట్టుకుని కషాయం తాగుకుంట ఇంట్ల పండుకుంటే ప్రాణం మీదికి వస్తది, దానికి మాత్రలే మందు. మలేరియా లేదు, మామూలు జరమే అని తేలినంక తాగండి.

తీగ గుర్తుపట్టుడు అన్నిటికన్న ముఖ్యం. ఆకు హృదయాకారంల నున్నగ ఉంటది, ముదురు కాడ మీది పొర కాగితం లెక్క లేస్తది, పైనుంచి దారాల్లాంటి వేర్లు వేలాడుతయ్, అడ్డంగ కోస్తే బండి చక్రం పుల్లల్లాంటి గీతలు కనబడతయ్. కాడ నిండ బుడిపెలు బుడిపెలు ఉంటే అది ఇంకో జాతి, ముట్టుకోకండి. అంగడిల అమ్మే పొడిల ఏ తీగ కలిసిందో ఎవరు చూడొచ్చిన్రు, అందుకే పొడి కొనుడు నాకు నచ్చదు.

చిటికెన వేలు మందం కాడ జానెడు తీసుకుని, పైపొర గీకి, దంచి, రెండు గ్లాసుల నీళ్ళల్ల వేసి అర గ్లాసు అయ్యేదాకా చిన్న మంట మీద మరిగించి వడగట్టాలె. చేదే, బెల్లం వేసుకున్నా పెద్దగ పోదు. రోజుకొకసారి, మూడు నాలుగు రోజులు చాలు.

నెలల తరబడి మాత్రం అస్సలు వద్దు. 2021ల ముంబై డాక్టర్లు, ఇది తాగినంక లివర్ దెబ్బతిన్న ఆరుగురి గురించి రాసిన్రు, 2022ల దేశంల వేరే వేరే ఆస్పత్రుల నుంచి 43 మంది కేసులు బయటికొచ్చినయ్. ఆయుష్ (ఆయుర్వేదం లాంటి దేశీ వైద్యాలు చూసే కేంద్ర మంత్రిత్వ శాఖ) వాళ్ళు వేరే తీగతో కన్ఫ్యూజ్ అయ్యుంటరన్నరు గాని, జాగ్రత్త పడితే మనకు పోయేదేం లేదు కదా. థైరాయిడ్, కీళ్ళవాతం, సొరియాసిస్ లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులు (ఒంటి రోగనిరోధక శక్తి మన ఒంటి మీదనే దాడి చేసేటివి) ఉన్నోళ్ళు, లివర్ తేడా ఉన్నోళ్ళు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు తాగొద్దు. షుగర్ మాత్రలు వేసుకునేటోళ్ళకు షుగర్ మరీ పడిపోవచ్చు, డాక్టర్‌ని అడగకుండ తాగకండి.

కండ్లు పచ్చబడ్డా, మూత్రం ముదురు రంగుల వచ్చినా, ఒంటికి దురద, వాంతులు మొదలైనా వెంటనే ఆపి దవాఖానకు పోండి, కామెర్లకు ఇంకో పసరు తాగుకుంట కూసోకండి. తాగిన తీగ ముక్క ఒకటి పట్టుకపోయి డాక్టర్‌కు చూపియ్యండి, ఎన్ని రోజులు తాగిన్రో దాచకుండ చెప్పండి.