విషాద నాటకం చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: రోషం ఎక్కడ మొదలైంది?

పాత్రకు ఏం కావాలో కనిపెట్టడం కిందటి పాఠంలో నేర్చుకున్నాం. దక్కాల్సినదాన్ని ఆ మనిషే ఏ క్షణంలో చెడగొట్టుకున్నాడో ఈసారి వెతుకుదాం. పెన్సిలు తీసుకుని షేక్‌స్పియర్ ‘రోమియో జూలియట్’ మూడో అంకం, మొదటి రంగం తెరవండి.

రోమియోకి పగవాళ్ళింటి పిల్ల జూలియట్‌తో రహస్యంగా పెళ్ళయి గంటయింది. జూలియట్ బంధువు టిబాల్ట్ నడివీధిలో అతన్ని నీచుడా అని తిడతాడు. రోమియో పడతాడు, ఎదురు తిరగడు. తిట్టినవాడు ఇప్పుడు తనకి చుట్టం కదా! నాటకం మొత్తంలో రోమియో గొప్పగా కనిపించేది ఇక్కడేనని నా నమ్మకం. విజయనగరంలో ఈ రంగం వేయాలనుకునే కుర్రాళ్ళకి ఒక్క మాట: టెన్షన్ అంతా కత్తియుద్ధానికే దాచుకోకండి, ఈ ఓర్పుని నిదానంగా చూపించండి.

స్నేహితుడు మెర్క్యూషియోకి ఆ ఓర్పు అవమానంగా తోచి కత్తి దూస్తాడు. ఆపబోయి రోమియో మధ్యలో దూరితే, అతని చేతికింద నుంచే టిబాల్ట్ మెర్క్యూషియోని పొడుస్తాడు. మెర్క్యూషియోని మోసుకెళ్ళాక రోమియో ఏమంటున్నాడో చూడండి. తన పరువుకి మచ్చ పడిందంటాడు, జూలియట్ అందం తనని మెత్తబరిచిందంటాడు. పెన్సిలు గీత పడాల్సింది ఆ మాటల కిందే. కత్తి ఇంకా ఒరలోనే ఉంది, రోషం మాత్రం అప్పటికే లేచింది.

వేరే దారి ఉందా? ఉంది. వీధిపోరుకి మరణశిక్షేనని రాజు మొదటి అంకంలోనే చాటించాడు. టిబాల్ట్‌ని చట్టానికి వదిలేయొచ్చు. రోమియో తనే చంపి, విధి చేతిలో పిచ్చివాణ్ణయ్యానంటాడు. పాత్ర విధిని తిట్టుకున్నప్పుడల్లా కొన్ని పంక్తులు వెనక్కి వెళ్ళి చదవండి. తప్పు సాధారణంగా అక్కడే దొరుకుతుంది.

జూలియట్‌లో నాకు గర్వం కనిపించదు, తొందర కనిపిస్తుంది. ఇదంతా మరీ హఠాత్తుగా జరుగుతోందని రెండో అంకంలో తనే అంటుంది, అదే రాత్రి పెళ్ళి మాట అడుగుతుంది. కానీ ఆమెకి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. తను కుదిర్చిన వరుడు పారిస్‌ని చేసుకోకపోతే వీధిలో పడి చావమని కన్నతండ్రే అంటాడు. ఆ తండ్రి మొండితనం లెక్కలోకి రాకుండా తప్పంతా పిల్లమీద వేస్తే నేను ఒప్పుకోను.

1892లో మన విజయనగరంలోనే మొదటిసారి ఆడిన ‘కన్యాశుల్కం’ పక్కన పెట్టి చూడండి. గిరీశం డంబాలకేం తక్కువ? కానీ ప్రమాదం ముంచుకురాకముందే సౌజన్యారావు పంతులికి అతని సంగతి తెలిసిపోతుంది, బుచ్చమ్మ బయటపడుతుంది. రోమియో, జూలియట్‌ల ఊరు వెరోనా కథలో తెలియాల్సిన సంగతి సమయానికి తెలియదు. జూలియట్ నిజంగా చనిపోలేదు, మందు తాగి నిద్రలో ఉందని చెప్పేందుకు, వాళ్ళకి పెళ్ళి చేసిన ఫాదర్ లారెన్స్ పంపిన ఉత్తరం రోమియోకి అందదు.

అభ్యాసం: అయిదో అంకం, మొదటి రంగం. జూలియట్ చనిపోయిందని సేవకుడు చెప్పగానే ఫాదర్ ఉత్తరమేదీ అని రోమియో అడుగుతాడు. లేదంటే, సరేలే అని వదిలేస్తాడు. ఇది రోషమా, తొందరా? అయిదు వాక్యాల్లో రాయండి, ప్రతిదానికీ నాటకంలోంచి ఒక మాట ఆధారంగా చూపించాలి. వచ్చే పాఠంలో సోఫోక్లీస్ ‘ఆంటిగొనీ’. తండ్రి పంతానికి ఎదురు నిలిచే హైమన్ మాటల్ని ఈలోగా ఒకసారి చదివి ఉంచండి.