మెషీన్ ఎక్కే ముందు దాని ఇరుసు ఎక్కడుందో చూడండి

జిమ్‌లో చాలామంది పిన్ను పెట్టి, అంకె చూసుకుని, సీటు ముందు వాడినవాళ్లు వదిలేసిన చోటే ఉన్నా పట్టించుకోకుండా మొదలుపెట్టేస్తారు. ఆ అంకె స్టాకులో, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన బరువు పలకల్లో, ఎంత ఇనుము లేస్తుందో మాత్రమే చెబుతుంది. మీ కండరం మీద ఎంత భారం పడుతుందనేది దూరాల మీద ఆధారపడి ఉంటుంది. తలుపుని బందుల పక్కన నెడితే కదలడానికి మొరాయిస్తుంది, అదే తలుపు గడియ దగ్గర నెడితే వేలితో కదులుతుంది కదా, కీళ్ల దగ్గర జరిగేదీ అదే. బలం ఎంత అన్నదొక్కటే కాదు, ఆ బలం పనిచేసే గీతకీ కీలుకీ మధ్య లంబ దూరం ఎంత అన్నది కూడా లెక్కే. ఈ రెండింటినీ గుణిస్తే వచ్చేదే టార్క్.

10 కిలోల డంబెల్ పట్టుకుని మోచేతిని 90 డిగ్రీల దగ్గర ఆపారనుకోండి. బరువు మోచేతికి దాదాపు 35 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, దాన్ని ఆపే బైసెప్స్‌కి మాత్రం దొరికేది 4, 5 సెంటీమీటర్లే. అంటే ఆ 10 కిలోలను కదలకుండా ఉంచడానికే మోచేతిని మడిచే కండరాలన్నీ కలిసి 70 నుంచి 88 కిలోల బరువుకి సమానమైన బలంతో లాగాలి, ముంజేతి బరువు దీనికి అదనం. మన ఒళ్లంతా దాదాపు ఇలాగే కట్టి ఉంది. బలం విషయంలో నష్టమే గానీ, కండరం కొంచెం కుదించుకుంటే చేయి చాలా దూరం కదులుతుంది, వేగం అలా వస్తుంది.

ఈ దూరాలు కదలిక పొడుగునా మారుతూనే ఉంటాయి. డంబెల్ కర్ల్‌లో, అంటే మోచేయి మడిచి డంబెల్ ఎత్తేటప్పుడు, ముంజేయి నేలకి సమాంతరంగా ఉన్నప్పుడు అత్యంత బరువు, భుజం దగ్గరికి వచ్చేసరికి తేలిక. మెషీన్లలో గుండ్రంగా కాకుండా వంకరగా ఉండే చక్రం, అంటే క్యామ్, పెట్టింది ఇందుకే. మీకు బలం ఎక్కువున్న కోణంలో బరువు పెరిగేలా, తక్కువున్న చోట తగ్గేలా దాని ఆకారం ఉంటుంది. 1970లో ఆర్థర్ జోన్స్ తెచ్చిన నాటిలస్ మెషీన్లతో ఇది బాగా వ్యాపించింది, క్యామ్ నాటిలస్ అనే సముద్రపు గుల్ల ఆకారంలో ఉంటుంది కాబట్టే ఆ పేరు. కానీ క్యామ్ ఎంత బాగా తయారుచేసినా, మీ కీలు దాని ఇరుసుకి ఎదురుగా లేకపోతే ఆ లెక్కంతా తప్పుతుంది.

కూర్చుని మోకాళ్లు చాచే మెషీన్, అంటే లెగ్ ఎక్స్‌టెన్షన్‌తో మొదలుపెట్టండి, దీని మీద పట్టు దొరికితే మిగతావి తేలిక. లివర్, అంటే మెషీన్‌లో కదిలే చేయి, తిరిగే చోట ఒక బోల్టో గుండ్రటి మూతో కనిపిస్తుంది, కొన్నిటికి రంగు చుక్క కూడా పెడతారు. కూర్చుని, మోకాలి బయటివైపు మధ్యభాగం ఆ ఇరుసుకి సూటిగా వచ్చేదాకా వీపు వెనకున్న ప్యాడ్‌ని ముందుకో వెనక్కో జరపండి. ఇప్పుడు తక్కువ బరువుతో ఒక రెప్, అంటే ఒకసారి ఎత్తి దించడం, చేసి కింది ప్యాడ్‌నే చూడండి. అది మీ కాలి మీద పైకీ కిందికీ బాగా జారుతోందంటే ఇరుసు కుదరలేదని అర్థం, మళ్లీ జరపాలి. కాస్త జారడం మామూలే, ఎందుకంటే మోకాలి కీలు ఒకే బిందువు చుట్టూ తిరగదు, వంగేకొద్దీ దాని కేంద్రమూ కొంచెం జరుగుతుంది.

ప్యాడ్ చీలమండకి కాస్త పైన ఉంటే చాలు. దాన్ని పైకి జరిపితే వ్యాయామం తేలికవుతుందని కొందరు నమ్ముతారు, అది నిజం కాదు. ఇరుసు దగ్గర స్టాకు అడిగే టార్క్ మారదు కాబట్టి తొడ కండరం చేసే పని అంతే, కాకపోతే దూరం తగ్గినందుకు ఎముక మీద ప్యాడ్ ఇంకా గట్టిగా నొక్కుతుంది. మోకాలికి ఆపరేషన్ అయినవాళ్లకి ఫిజియోథెరపిస్టు కావాలనే పైకి పెట్టిస్తే అది వేరే సంగతి, వాళ్లు చెప్పినట్టే చేయండి.

మోకాళ్లు వెనక్కి మడిచే లెగ్ కర్ల్‌కి కూడా ఇదే పద్ధతి. పడుకుని చేసేదీ కూర్చుని చేసేదీ రెండూ ఉంటే నేను కూర్చునేదే ఎంచుకోమంటాను. తొడ వెనక కండరాల్లో ఎక్కువ భాగం తుంటినీ మోకాలినీ రెండింటినీ దాటి వెళ్తాయి, కూర్చున్నప్పుడు తుంటి వంగి ఉంటుంది కాబట్టి అవి సాగిన స్థితిలో పనిచేస్తాయి. 2021లో వచ్చిన ఒక పరిశోధనలో ఒక కాలితో కూర్చుని, రెండో కాలితో పడుకుని 12 వారాలు చేయించారు, కూర్చుని చేసిన కాలిలోనే కండ ఎక్కువ పెరిగింది. పిక్కల విషయంలో ఇది తిరగబడుతుంది. మోకాలు మడిస్తే పైన కనిపించే పెద్ద పిక్క కండరం వదులైపోతుంది, పని దాని కిందున్న సోలియస్ అనే కండరం మీద పడుతుంది, అందుకని నిలబడి చేసేది వదిలేయకండి.

చెస్ట్ ప్రెస్‌లో ఇరుసు వెతకనక్కర్లేదు, పిడులు రొమ్ము మధ్యభాగం ఎత్తులో ఉండేలా సీటు పెట్టుకుంటే సరిపోతుంది.

కేబుల్ మెషీన్ల దగ్గర మాత్రం అంకెని అస్సలు నమ్మకండి. స్థిరంగా ఉండే కప్పీ దిశ మాత్రమే మారుస్తుంది, కదిలే కప్పీ ఉంటే మీ చేతికొచ్చే భారం సగమవుతుంది. తెలుసుకోవడం సులువే, పిడిని ఒక మూర లాగి స్టాకు ఎంత లేచిందో చూడండి. అర మూరే లేచిందంటే 40 కిలోల దగ్గర పిన్ను పెట్టినా మీరు లాగేది 20 కిలోలే. ఒక మెషీన్‌లో ఎత్తిన బరువుని ఇంకో మెషీన్‌తో పోల్చి టెన్షన్ పడక్కర్లేదు. 45 డిగ్రీల లెగ్ ప్రెస్ కూడా అంతే, 100 కిలోల ప్లేట్లు వేస్తే పట్టాల వెంట మీరు నెట్టేది వాటిలో సుమారు 71 కిలోలు, పైగా బండికి సొంత బరువు కూడా ఉంటుంది. అక్కడ పాదాలు పైకి పెడితే పిరుదుల మీద, కిందికి పెడితే మోకాళ్ల మీద భారం ఎక్కువ. ఎలా పెట్టినా నడుము సీటు నుంచి లేవడం మొదలైన చోటే ఆగిపోండి.

ఇక వేగం. ఒక్క ఉదుటున నెడితే స్టాకు ఆ ఊపుతోనే పైకి పోతుంది, కదలికలో సగం మీ కండరానికి పనే ఉండదు. దించేటప్పుడు కేబుళ్లలో, పట్టాల్లో ఉండే రాపిడి కొంత భారం తానే మోస్తుంది, పైగా అసలు దించేటప్పుడే కండరం ఎక్కువ బలం చూపగలదు. అందుకే రెండు మూడు సెకన్లు తీసుకుని దించండి, ప్లేట్లు టంగుమని కొట్టుకోకూడదు.

కండ మండితే పర్వాలేదు, కీలు లోపల పొడిచినట్టు అనిపిస్తే మాత్రం ఆపేయండి. ముందు ఇరుసు చూడండి, తర్వాత బరువు తగ్గించండి, ఆపైన నొప్పి రాని కోణాల్లోనే కదిలించి చూడండి. ఎత్తు తక్కువున్నవాళ్లకి సీటు ఎంత జరిపినా మోకాలు ఇరుసుదాకా రాకపోవచ్చు, అప్పుడు వీపు వెనక ఒక గట్టి ప్యాడ్ పెట్టుకోవాలి. అప్పటికీ కుదరకపోతే ఆ మెషీన్ మీ కొలతలకి సరిపడదన్నమాట, అదే కండరానికి పనిచేసే వేరే మెషీన్ చూసుకోండి. కుదిరిన సీటు నంబరు ఫోన్‌లో రాసి పెట్టుకుంటే మళ్లీ వెళ్లినప్పుడు ఈ వెతుకులాట ఉండదు.