నల్గొండ ఎండల్లో పగడాల అక్వేరియం: ఆరోగ్యంగా ఉంచుకోవడం ఎలా?

నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఉంటూ ఇంట్లో ఉప్పునీటి రీఫ్ ట్యాంక్ (పగడాలు పెంచే అక్వేరియం) పెట్టుకోవచ్చా అంటే, పెట్టుకోవచ్చు. ఇక్కడ దానికి ముఖ్యంగా రెండు ఇబ్బందులు: బోరునీళ్లు, వేసవి ఎండ. ఖరీదైన లైట్ల కంటే ముందు ఈ రెండింటికీ డబ్బు తీసి పెట్టుకోండి.

ముందు నీళ్ల సంగతి

నల్గొండ నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. నిజానికి సముద్రపు నీటిలోనే లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది. ట్యాంకుకు అసలు చిక్కు బోరునీటిలో కరిగి ఉండే నైట్రేట్లు, సిలికా, ఇతర లవణాలతో వస్తుంది. టీడీఎస్ (లీటరు నీటిలో కరిగి ఉన్న లవణాలు, మిల్లీగ్రాముల్లో) 800 ఉన్న నీళ్లను రోజుకు మూడు లీటర్ల చొప్పున పోశారనుకోండి. నెల తిరిగేసరికి 72 గ్రాముల లవణాలు ట్యాంకులో చేరతాయి. నీరు ఆవిరైపోతుంది, అవి మాత్రం అక్కడే ఉంటాయి. నాచు విపరీతంగా పెరగడానికి చాలాసార్లు ఇదే కారణం. మిషన్ భగీరథ కుళాయి నీళ్లయితే క్లోరిన్ ఉంటుంది కాబట్టి వాటినీ నేరుగా పోయకూడదు.

ఇంట్లో ఆర్వో ఉంది కదా అని ధీమాగా ఉండకండి. తాగే నీటికి రుచి రావాలని చాలా మెషీన్లలో టీడీఎస్ కంట్రోలర్ పెడతారు. అది వడకట్టని నీటిని కొంత తిరిగి కలుపుతుంది. మెకానిక్‌తో చెప్పి మెంబ్రేన్ (నీటిని వడకట్టే పొర) దగ్గర్నుంచే విడిగా ఒక పైపు తీయించి, దానికి డీఐ రెజిన్ కాట్రిడ్జ్ (మిగిలిన లవణాలను కూడా పట్టేసే గుళికల గొట్టం) బిగించండి. చివర్లో వచ్చే నీటికి టీడీఎస్ మీటరు 0 చూపించాలి. మూడో నాలుగో చూపిస్తే రెజిన్ మార్చాలి. ప్లాంటు నుంచి వచ్చే 20 లీటర్ల క్యాన్ నీళ్లు కూడా సాధారణంగా సున్నా ఉండవు.

ఈ నీళ్లను పట్టడానికి రాగి బిందె, ఇత్తడి గంగాళం వాడొద్దు. మనకు మంచిదనుకునే రాగి రొయ్యలకు, నత్తలకు, పగడాలకు విషం. ప్లాస్టిక్ డ్రమ్ము చాలు.

ఉప్పు కలపడం

వంటింటి ఉప్పు పనికిరాదు. అక్వేరియం షాపుల్లో దొరికే రీఫ్ సాల్ట్ లీటరుకు సుమారు 35 నుంచి 38 గ్రాములు పడుతుంది. డ్రమ్ములో చిన్న పంపు వేసి ఒక రాత్రంతా తిరగనివ్వండి. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరులో 35 పీపీటీ (వెయ్యి భాగాలకు 35), అంటే సాంద్రత 1.026 దగ్గర రావాలి. సూర్యలంక వెళ్లినప్పుడు క్యాన్లలో సముద్రపు నీళ్లు తెచ్చుకోవాలనిపిస్తుంది కానీ, ఒడ్డు దగ్గర నీటిలో మట్టి, మురుగు ఏది ఎంత ఉందో చెప్పలేం.

ట్యాంకులో రాళ్లు పేర్చి, ఉప్పునీళ్లు నింపాక చిన్న రొయ్య ముక్క వేసి వదిలేయండి. అది కుళ్లినప్పుడు వచ్చే అమ్మోనియాను తినే బ్యాక్టీరియా రాళ్లలో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. టెస్టు కిట్‌లో అమ్మోనియా, దాన్నుంచి తయారయ్యే నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చాకే చేప. మొదటి చేపగా, ఫారంలో పుట్టి పెరిగిన క్లౌన్ ఫిష్ జంట మంచిది.

పగడాల విషయంలో ఒక మాట. గట్టి పగడాలు, సీ ఫ్యాన్లు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. మన సముద్రం నుంచి తీసినవి అమ్మినా కొన్నా నేరం. దిగుమతి చేసినవని షాపువాళ్లు చెబితే కాగితాలు అడగండి. మొదలుపెట్టేవారికి మష్రూమ్, జోయాంథిడ్ లాంటి మెత్తటి రకాలే తేలిక కూడా. జోయాంథిడ్లలో కొన్నింటికి తీవ్రమైన విషం ఉంటుంది కాబట్టి గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు.

రోజువారీ పని

నీటి మట్టం ఎంత తగ్గిందో చూసి అంతే టీడీఎస్ సున్నా ఉన్న ఆర్వో నీళ్లు పోయాలి, ఉప్పునీళ్లు కాదు. ఇది ఆటో టాప్ ఆఫ్ పరికరానికి అప్పజెబితే ఊరెళ్లినప్పుడు నిశ్చింతగా ఉంటుంది. వారానికోసారి పదో వంతు నీరు మార్చి, ఆల్కలినిటీ (నీటి క్షారత, డీకేహెచ్‌లో కొలుస్తారు) 8, 9 మధ్య, క్యాల్షియం 400 నుంచి 450 పీపీఎం మధ్య ఉన్నాయేమో చూడండి. అంకె కాస్త అటూ ఇటూ ఉన్నా పగడాలు తట్టుకుంటాయి, రోజుకో అంకె అయితే తట్టుకోవు.

ఎండాకాలం

ట్యాంకు నీరు 25, 26 డిగ్రీల్లో ఉండాలి. 30 దాటి అలాగే కొన్ని రోజులుంటే పగడాలు తెల్లబడటం మొదలవుతుంది. గాజు మూత తీసేసి వల మూత పెట్టండి, నీటి మీదికి చిన్న ఫ్యాన్ తిప్పండి. మన వేసవి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఆవిరి బాగా అయి రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. వానాకాలం ఉక్కపోతలో అదే ఫ్యాన్ అంత పనిచేయదు. బయట 43, లోపల హాల్లో 35 ఉన్న రోజుల్లో మాత్రం చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) గానీ ఏసీ గది గానీ తప్పదు. చిల్లర్‌ను క్యాబినెట్ లోపల మూసి పెడితే అది వదిలే వేడి మళ్లీ ట్యాంకుకే చేరుతుంది. ఐసు బాటిళ్లు తేలేయడం అత్యవసరానికే, అదీ ఒక్కొక్కటిగా.

మే నెల ఈదురుగాలులకు కరెంటు పోతే ముందు తగ్గేది ఆక్సిజన్, ఎందుకంటే పంపులు ఆగి నీరు కదలదు, పైగా నీరు వేడెక్కేకొద్దీ దానిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది. ఇన్వర్టర్‌కు వేవ్‌మేకర్ (నీటిని కదిలించే చిన్న పంపు) ఒక్కటి కలపండి, చిల్లర్ వద్దు. పది వాట్ల వేవ్‌మేకర్‌ను మామూలు ఇన్వర్టర్ గంటల తరబడి నడుపుతుంది. ఆ పూట మేత ఆపేయండి.

దోమల స్ప్రే, ఆలౌట్, చీమల మందు ట్యాంకు ఉన్న గదిలో వద్దే వద్దు. చేపల కంటే ముందు రొయ్యలు పోతాయి. పక్క గదిలో ఎవరైనా కొట్టారని తెలిస్తే తలుపు మూసి కిటికీలు తెరవండి. రొయ్యలు గిలగిల్లాడుతూ పడిపోతుంటే వెంటనే కొత్త యాక్టివేటెడ్ కార్బన్ వేసి, ముందే కలిపి ఉంచిన ఉప్పునీటితో నాలుగో వంతు మార్చండి. అందుకే డ్రమ్ములో ఎప్పుడూ ఒక విడత ఉప్పునీళ్లు కలిపి ఉంచుకోవాలి.