క్రూజ్ కంపెనీ ద్వారా ఫ్లైట్ బుక్ చేసే ముందు

కొన్ని క్రూజ్ కంపెనీలకు సొంత ఫ్లైట్ బుకింగ్ సేవలున్నాయి: రాయల్ కరీబియన్‌కు ఎయిర్‌టుసీ, ప్రిన్సెస్‌కు ఈజీఎయిర్. ఓడతో పాటు విమాన టికెట్ కూడా అక్కడే దొరుకుతుంది. డబ్బు కట్టే ముందు ఇవి చూసుకోండి.

• అదే తేదీకి ఎయిర్‌లైన్ సొంత సైట్‌లో ధర ఎంతో చూడండి. క్రూజ్ వాళ్ల దగ్గర ఎప్పుడూ చవకే అనుకోవద్దు.

• టికెట్ ఏ రకం? ఫ్లెక్సిబుల్ అయితే గడువులోపు మార్చుకోవచ్చు. రెస్ట్రిక్టెడ్ అయితే రద్దు చేసినప్పుడు డబ్బు పోవచ్చు. ఈ షరతు పూర్తిగా చదవందే ముందుకు వెళ్లకండి.

• ఓడ బయలుదేరే రోజే దిగే ఫ్లైట్ వద్దు. ఆలస్యమైతే తర్వాతి రేవుకు చేర్చే ఏర్పాటు చేస్తామంటారు, నిజమే. కానీ ఆ రేవు వేరే దేశంలో ఉంటే వీసా కావాల్సి రావచ్చు. అమ్మానాన్నలను తీసుకెళ్లేటప్పుడు ఆ టెన్షన్ అసలు వద్దు. ఒక రాత్రి హోటల్ ఖర్చయినా నయమే.

• రోమ్ క్రూజ్ అంటారు గానీ ఓడ ఎక్కేది చివిటవెక్కియా రేవులో, రోమ్ నగరానికి సుమారు 70 కిలోమీటర్లు. ఎయిర్‌పోర్ట్ నుంచి రేవుకు బస్సు ఖర్చు ఫ్లైట్ టికెట్‌లో కలిసి ఉందో లేదో అడగండి.

• ఇండియన్ పాస్‌పోర్ట్ అయితే ఫ్లైట్ మారే దేశంలో ట్రాన్సిట్ వీసా అవసరమా? అమెరికాలో ఎక్కిన ఓడ మధ్యలో వేరే దేశానికి వెళ్లి అమెరికాకు తిరిగొస్తే మల్టిపుల్ ఎంట్రీ వీసా (ఒకటికంటే ఎక్కువసార్లు ప్రవేశించగలిగేది) ఉందా?

• పేరు, ఇంటిపేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రాయించండి.

• సీట్లు, లగేజీ విడిగా చూసుకోండి.