పాత కారు మాటిమాటికీ ఆగిపోతుంటే: లక్షణం, కారణం, మరమ్మతు

ఏడాదిలో రెండు బ్యాటరీలు మార్చి, హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్‌కూ బ్లాక్‌కూ మధ్య ఉండే పట్టీ) రెండోసారి వేయించినా కారు మళ్లీ రోడ్డు మీద ఆగిందంటే, అందులో చాలా వరకు ఒకటే జబ్బు ఉంటుంది. అది చెడగొట్టిన సామాను మారుతూ వస్తుంది, జబ్బు మాత్రం అట్లనే ఉంటుంది. అందుకే ఇక్కడ సామాను మార్చే ముందు ఏం కొలవాలన్నదే ఎక్కువగా రాశాం. లెక్కలు మారుతి 800, ఆల్టో, జెన్, వ్యాగన్ ఆర్, శాంత్రో లాంటి చిన్న పెట్రోల్ కార్లవి. బ్యాటరీ, ఎర్త్ (బ్యాటరీ నెగెటివ్‌ను ఇంజన్‌కు కలిపే వైరు), రేడియేటర్ సంగతులు డీజిల్ బండ్లకూ పనికొస్తాయి.

చేతిలో ఉండాల్సిన సామాను పెద్దదేం కాదు. డిజిటల్ మల్టీమీటర్, 12 వోల్టుల టెస్ట్ ల్యాంపు, సన్న పట్టీలతో సందు కొలిచే ఫీలర్ గేజ్, ప్లగ్ పానా, కాస్త వైరు, ఒక నోటు పుస్తకం. కారు ఆగిన ప్రతిసారీ ఆ పుస్తకంలో తేదీ, కిలోమీటర్లు, ఇంజన్ వేడిగా ఉందా చల్లగా ఉందా, వాన పడుతోందా, ఏ సామాను మార్చారు అన్నవి రాసుకోవాలి. నాలుగైదు ఎంట్రీలు పడ్డాక మెకానిక్ చెప్పకముందే సగం విషయం తెలిసిపోతుంది. ఒక్కసారికి ఒక్క సామానే మార్చండి. ప్లగ్గులు, కాయిల్, ఫిల్టర్ అన్నీ ఒకే రోజు మారిస్తే బాగైనా దేనితో బాగైందో తేలదు.

ఇంజన్ వేడెక్కుతోంది

రామగుండం, మంచిర్యాల వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. కానీ ఎండ ఒక్కటే కారణమైతే పక్కన పోయే కార్లు కూడా ఆగాలి. ముందు చూడాల్సింది ఏ వేగంలో వేడెక్కుతోంది అన్నది.

హన్మకొండ చౌరస్తా ట్రాఫిక్‌లోనో, మేడారం జాతర వరుసలోనో ముల్లు పైకి లేచి, రోడ్డెక్కి 60లో పోతే దిగుతోందంటే గాలి సరిగ్గా తగలడం లేదు. అంటే ఫ్యాన్. ఫ్యాన్ కనెక్టర్ విప్పి మోటరుకు నేరుగా బ్యాటరీ నుంచి కరెంటు ఇవ్వండి. తిరగకపోతే మోటరు పోయింది, కార్బన్లు (లోపల కరెంటు అందించే అరిగే ముక్కలు) చూడాలి. తిరిగితే ఫ్యూజు, రిలే, నీళ్ల వేడిని బట్టి ఫ్యాన్‌ను వేసే థర్మో స్విచ్ వరుసగా చూసుకుంటూ రావాలి. మెల్లగా, మూలుగుతూ తిరిగినా అది పోయినట్టే లెక్క.

ఊళ్లో బాగానే ఉండి, రాజీవ్ రహదారి మీద 80 దాటితే వేడెక్కుతోందంటే నీళ్లు సరిగ్గా తిరగడం లేదు. రేడియేటర్ లోపల పూడుకుపోయి ఉండొచ్చు, ఇంజన్ వేడెక్కాక నీళ్లను రేడియేటర్‌లోకి వదిలే థర్మోస్టాట్ వాల్వ్ సగమే తెరుచుకుంటూ ఉండొచ్చు, లేదా నీటి పంపు రెక్కలు తినేసి ఉండొచ్చు. కింది హోస్ పైపు పాతబడి మెత్తగైతే, రేసు పెంచినప్పుడు పంపు లాగుడుకు అది చప్పిడై మూసుకుపోతుంది. బానెట్ తెరిచి ఒకరు రేసు ఇస్తుంటే ఇంకొకరు ఆ పైపును చూస్తే కనిపిస్తుంది.

మన ఉత్తర తెలంగాణలో రేడియేటర్లు పూడడానికి మొదటి కారణం బోరు నీళ్లు. నీళ్లు కాచిన గిన్నె అడుగున పట్టే తెల్ల పొరే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పడుతుంది. గొట్టాలు సగం మూసుకుపోయినా చలికాలంలో తెలియదు, ఏప్రిల్ వచ్చాక బయటపడుతుంది. రెండో కారణం బయటి నుంచి వచ్చేది. సింగరేణి బొగ్గు దుమ్ము, గ్రానైట్ క్వారీల పొడి, రైస్ మిల్లు ఊక, సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్ చుట్టూ ఎగిరే పత్తి నూగు. ఇవన్నీ ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ నడుమ చేరి దుప్పటిలా పేరుకుంటాయి. ముందు నుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది. రెండింటినీ విడదీసి, ఇంజన్ వైపు నుంచి బయటికి, తక్కువ ప్రెషర్‌తో నీళ్లు కొట్టాలి. వాషింగ్ గన్ దగ్గర పెట్టి కొడితే రెక్కలు వంగి, ఉన్న దారీ మూసుకుపోతుంది.

లోపల శుభ్రం చేశాక కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం పోయాలి. బోరు నీళ్లు వద్దు. పచ్చ రంగు కూలెంట్ మీద ఎరుపు రంగుది పోయొద్దు, కొన్ని రకాలు కలిస్తే గడ్డలా మారతాయి. రేడియేటర్ మూత రబ్బరు చీలినా, స్ప్రింగ్ వదులైనా ప్రెషర్ నిలవక నీళ్లు తొందరగా మరిగి బయటికి తన్నేస్తాయి. ఇంత చిన్న మూత వల్ల ఇంజన్ విప్పిన బండ్లు ఎన్నో. ఇంజన్ వేడి మీద మాత్రం ఆ మూత ముట్టుకోవద్దు.

"వాల్వ్ పీకేద్దాం అన్నా, మంచిగుంటది" అనే మాట ప్రతి షెడ్డులో వినిపిస్తుంది. వద్దు. థర్మోస్టాట్ లేకపోతే ఇంజన్ సరైన వేడికి రాదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్‌లో తేమ నిలుస్తుంది. కొన్ని ఇంజన్లలో నీళ్లు రేడియేటర్‌లోకి పోకుండా బైపాస్ దారిన తిరిగి, ఉన్న వేడీ తగ్గదు. పాతదాన్ని గిన్నె నీళ్లలో వేసి మరిగించండి. థర్మామీటర్ 82 నుంచి 88 మధ్యకు రాగానే తెరుచుకోవడం మొదలు పెట్టాలి, మరిగేలోపు పూర్తిగా తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే కొత్తది వేయించండి.

ఊళ్లోనూ రోడ్డు మీదా వేడెక్కుతూ, బయట ఎక్కడా కారకుండానే నీళ్లు తగ్గుతుంటే అప్పుడు హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. పొద్దున చల్లటి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయండి. ఆగకుండా బుడగలు వస్తున్నా, మూత పెట్టి నడిపితే ఇంజన్ ఇంకా చల్లగా ఉండగానే పై హోస్ రాయిలా గట్టిపడినా సిలిండర్ గ్యాసు నీళ్లలోకి పోతున్నట్టు. ఆయిల్ మూత కింద కొంచెం తెల్ల నురగ కనిపించగానే హెడ్ దింపొద్దు. చలికాలంలో దగ్గర దగ్గర తిరిగే బండ్లకు అది వస్తుంది. గేజ్ కడ్డీ మీద ఆయిల్ కూడా పాల చాయలా మారితేనే భయపడాలి. కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కే గాలి ప్రెషర్) చూపిస్తే ఆరోగ్యమైన చిన్న ఇంజన్‌లో 150 నుంచి 180 పీఎస్ఐ వస్తుంది. సిలిండర్‌కూ సిలిండర్‌కూ తేడా 15 దాటకూడదు.

హెడ్ దింపాల్సి వస్తే, గ్యాస్కెట్ మార్చి అట్లనే బిగించనివ్వొద్దు. అల్యూమినియం హెడ్ ఒకసారి బాగా వేడెక్కితే వంగుతుంది. స్టీలు పట్టీ అడ్డం పెట్టి ఫీలర్ గేజ్‌తో చూస్తే 0.05 మిల్లీమీటర్ పట్టీ ఎక్కడైనా దూరితే లేత్‌కు పంపి ఫేసింగ్ చేయించాలి. బోల్టులు టార్క్ రెంచ్‌తో, మధ్య నుంచి బయటికి, రెండు మూడు విడతలుగా బిగించాలి. రెండోసారి గ్యాస్కెట్ పోయిన బండ్లలో ఈ రెండిట్లో ఒకటి తప్పిపోయి ఉంటుంది. లేదా వేడెక్కించిన అసలు రేడియేటర్‌ను ఎవరూ ముట్టుకొని ఉండరు.

పొద్దున సెల్ఫ్ తిరగడం లేదు

రాత్రంతా నిలిపిన కారు బ్యాటరీ మీద మీటర్ పెడితే 12.6 వోల్టులు చూపాలి. 12.2 అంటే సగమే చార్జి ఉంది. సెల్ఫ్ కొడుతుండగా 9.6 కన్నా కిందికి పడితే బ్యాటరీ చార్జి లేదు లేదా పోయింది. చార్జి చేసి మళ్లీ చూడాలి. స్టార్ట్ అయ్యాక హెడ్‌లైట్లు వేసి రేసు కొంచెం పెంచితే 13.8 నుంచి 14.5 మధ్య నిలవాలి. అంతకన్నా తక్కువైతే ఆల్టర్నేటర్ కార్బన్లు, బెల్టు చూడాలి. 15 దాటితే రెగ్యులేటర్ పోయింది, అది బ్యాటరీని ఉడకబెట్టి చంపుతుంది.

ఈ లెక్కలన్నీ బాగుండి కూడా సెల్ఫ్ "టక్" అని ఆగితే ఎర్త్ చూడండి. మీటర్ ఒక కొస బ్యాటరీ నెగెటివ్ గుండు మీద, ఇంకో కొస ఇంజన్ బ్లాక్ ఇనుము మీద పెట్టి సెల్ఫ్ కొట్టించాలి. అర వోల్టు కన్నా ఎక్కువ చూపితే ఎర్త్ పట్టీ తుప్పు పట్టింది. విప్పి, ఎమరీ పేపర్‌తో రుద్ది, కొత్త పట్టీ వేసి, పెట్రోలియం జెల్లీ పూయాలి. ఇదే జబ్బుకు సెల్ఫ్ మోటరు రివైండింగ్ చేయించిన వాళ్లు ఎందరో.

రెండు రోజులు నిలిపితేనే బ్యాటరీ దిగిపోతుంటే ఎక్కడో కరెంటు గుంజుతోంది. తాళం తీసేసి, తలుపులు మూసి, నెగెటివ్ వైరు విప్పి, దానికీ గుండుకూ మధ్య మీటర్‌ను 10 ఆంపియర్ల మీద పెట్టాలి. మీటర్ మధ్యలో ఉండగా సెల్ఫ్ కొట్టొద్దు, కాలిపోతుంది. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే ఫర్వాలేదు. 200 చూపితే రోజుకు దాదాపు 5 ఆంపియర్ అవర్లు పోతున్నట్టు, 35 ఆంపియర్ అవర్ల (ఏహెచ్) బ్యాటరీ నాలుగు రోజుల్లో సగం ఖాళీ. ఒక్కో ఫ్యూజు పీకుతూ పోతే ఏది పీకినప్పుడు అంకె పడిపోతుందో అక్కడ దొంగ దొరుకుతాడు. ఎక్కువసార్లు బయట పెట్టించిన స్టీరియోనో, సెంట్రల్ లాకో ఉంటుంది. అన్ని ఫ్యూజులు పీకినా తగ్గకపోతే ఆల్టర్నేటర్ మందపాటి వైరు విప్పి చూడాలి, డయోడ్ లీకవుతూ ఉండొచ్చు.

నడుస్తూ నడుస్తూ ఆగి, కాసేపటికి తానే స్టార్ట్ అవుతోంది

మెకానిక్ వచ్చేసరికి బాగైపోయే జబ్బు ఇది, కాబట్టి ఆగిన ఆ నిమిషంలోనే చూడాలి. తాళం తిప్పేసినట్టు ఒక్కసారిగా ఆగితే కరెంటు వైపు. కుదుపులతో, దగ్గుతూ ఆగితే పెట్రోలు వైపు.

కరెంటు వైపు అయితే, కార్బురేటర్ బండ్లలో వేడికి చెడే కాయిల్, డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచేది) దగ్గరుండే కండెన్సర్, అరిగిన పాయింట్లు చూడాలి. పాయింట్ల గ్యాప్ 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్లు ఉండాలి. ఎంపీఎఫ్‌ఐ (కార్బురేటర్ లేకుండా ఇంజెక్టర్లతో పెట్రోలు చల్లే) బండ్లలో క్రాంక్ సెన్సర్, ఇగ్నిషన్ కాయిల్, మెయిన్ రిలే. సెన్సర్ మీద తడిగుడ్డ వేయగానే స్టార్ట్ అయితే అనుమానం తీరినట్టే. రిలేలో టంకం పగిలి ఉంటే వేలితో తడితే పనిచేస్తుంది. రిలే చవక, మార్చేయండి.

పెట్రోలు వైపు అయితే మొదట ట్యాంకు మూత తీయండి. లోపలికి గాలి పీల్చిన చప్పుడు వస్తే మూత రంధ్రం మూసుకుపోయింది. పది నిమిషాలు ఆపితే మళ్లీ బాగా పోతూ, కొంత దూరానికి మళ్లీ ఆగుతుంటే ట్యాంకులో మడ్డి ఉంది. పంపు లాగుడుకు అది పైపు మూతి మీదికి వచ్చి, ఆపగానే కిందికి జారుతుంది. ఫిల్టర్ ఎన్నిసార్లు మార్చినా ఇది పోదు, ట్యాంకు దింపి కడగాలి. పాత బండ్లలో ఇంజన్ పక్కన ఉండే పెట్రోలు పంపు (షెడ్డుల్లో ఏసీ పంపు అంటారు, చల్లగాలి ఏసీది కాదు) వేడెక్కి పెట్రోలు ఆవిరైతే, దాని మీద తడిగుడ్డ చుడితే కదులుతుంది. శాశ్వతంగా కావాలంటే పంపు డయాఫ్రం మార్చి, పైపును ఎగ్జాస్ట్‌కు దూరంగా తిప్పాలి.

2025 నాటికి బంకుల్లో పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. పాత రబ్బరు పైపులు దానికి ఉబ్బి, పగుళ్లు వస్తాయి. ట్యాంకు గోడలకు పట్టిన పాత మడ్డిని కూడా అది వదిలిస్తుంది. ఇంధన పైపులన్నీ ఒకేసారి ఇథనాల్‌ను తట్టుకునే ఆర్9 రకానికి మార్చడం మంచిది. పెట్రోలు వాసన వస్తున్న కారును మాత్రం పైపులు మార్చేదాకా తీయొద్దు.

వానలో

పొద్దున తేమకు స్టార్ట్ కాకపోతే డిస్ట్రిబ్యూటర్ మూత విప్పి పొడి గుడ్డతో తుడవండి. లోపల సన్నటి నల్ల గీతలుంటే మూత మార్చాల్సిందే. చీకట్లో బానెట్ తెరిచి చూస్తే పాడైన ప్లగ్ వైర్ల మీద నీలి మెరుపులు కనిపిస్తాయి.

2023 జూలైలో వరంగల్ వైపు వచ్చిన వరదల్లాంటి నీళ్లలో మునిగిన కారుకు సెల్ఫ్ కొట్టడమే పెద్ద తప్పు. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బ్యాటరీ విప్పి, ఎయిర్ ఫిల్టర్ చూసి, ప్లగ్గులన్నీ తీసి, చేత్తో ఇంజన్ తిప్పి నీళ్లు వెళ్లగొట్టాలి. ఆయిల్, ఫిల్టర్ మార్చి, కొంతసేపు నడిపి మళ్లీ మార్చాలి.

ఏది కొత్తది, ఏది పాతది

ఆల్టర్నేటర్, సెల్ఫ్ మోటరు, డోరు, అద్దం పాతవి తెచ్చుకున్నా నడుస్తుంది, కార్బన్లు, బుష్షులు మార్పించుకోవాలి. టైమింగ్ బెల్టు, బ్రేక్ సిలిండర్లు, హోస్ పైపులు, గ్యాస్కెట్ పాతవి కొనొద్దు. బెల్టు ఎప్పుడు మార్చారో రాసి లేకపోతే మారలేదనే లెక్క. బెల్టుతో పాటే టెన్షనర్‌ను మార్చండి, నీటి పంపు ఊగుతోందేమో చూడండి. బెల్టు తెగితే శాంత్రో లాంటి ఇంజన్లలో వాల్వులు వంగి, బెల్టు ఖర్చుకు ఎన్నో రెట్లు పడుతుంది.

పెద్ద పని ఒప్పుకునే ముందు కారును లిఫ్ట్ ఎక్కించి, సస్పెన్షన్ బిగించే చోట్లు, ఫ్లోరు అంచులు స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. అక్కడ రేకు చిల్లు పడితే ఇంజన్ మీద పెట్టే డబ్బు దండగ. పదిహేనేళ్లు దాటిన కారుకు ఆర్సీ ఐదేళ్లకోసారి రెన్యూవల్ చేయించాలి, ఆర్టీఏలో బండిని చూపించాలి. గడువు దగ్గరుంటే రేకు, బ్రేకులు, లైట్ల పని ముందు చేయించి, ఆర్సీ చేతికొచ్చాకే ఇంజన్ బోరింగ్‌కు ఇవ్వండి.